డెబ్భై ఎనిమిది

ఎడమ మణికట్టు మీద కుడిచేతి మూడువేళ్లు ఆనించి, రజాయి కింద వెల్లకిలా పడుకుని మార్త లెక్కపెడుతోంది. దిండు పక్కన సెల్‌ఫోన్‌లో సెకన్లు కదులుతున్నాయి. యాభై దాకా బాగానే నడిచింది. అక్కడ నాడి ఒక్కసారి ఆగి, ఆగినందుకు సిగ్గుపడ్డట్టు గబగబా నాలుగు దెబ్బలు కొట్టింది. లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి అరనిమిషం కాకముందే అరవై దాటింది. మిగతా అరనిమిషం లెక్కపెట్టడానికి ఆమెకు మనసు రాలేదు.

"ఎంతొచ్చింది మార్తా?" వంటగట్టు దగ్గర టీ పెడుతూ పౌలురాజు అడిగాడు.

"డెబ్భై ఎనిమిది."

"దేవునికి స్తోత్రం. నిన్న కూడా అంతేగా?"

"నిన్నా అంతే."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నర్సులకు డెబ్భై ఎనిమిదంత అతికే అంకె ఇంకొకటి లేదు. డెబ్భై రెండంటే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. ఎనభై అంటే మరీ గుండ్రంగా ఉండి అనుమానం వస్తుంది. డెబ్భై ఎనిమిది అలా కాదు, నిజంగానే ఎవరో చెయ్యి పట్టుకుని చూసినట్టుంటుంది. ఆ అంకెను చూడకుండా రాసే పిల్లల్ని ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా చీవాట్లు పెడుతున్న మనిషి, ఇంట్లో రోజూ మొగుడి చెవిలో అదే వేస్తోంది. కూతురు కెరెన్ కొనిచ్చిన బీపీ మిషను బీరువా మీద ఉంది. దానికి బ్యాటరీలు అయిపోయాయని మార్త అంటుంది. వాటిని తీసి గోడగడియారానికి వేసింది ఆమే.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తెలిసి ఏడాదిన్నర. రోజూ మంచం దిగకముందే నాడి, బీపీ చూసుకోవాలనీ, నాడి వంద దాటితే ఆగకుండా రావాలనీ ఢిల్లీలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు ఎంతవరకు పనిచేస్తున్నాయో రక్తపరీక్షతో చూసి మోతాదు మార్చాలంది, లొంగకపోతే ఆపరేషను అంది. కెరెన్ పరీక్షలయ్యాక వెళదామనుకుంది మార్త. తరువాత మందిరంలో స్త్రీల కూడికలు వచ్చాయి. తరువాత క్రిస్మస్ వచ్చింది. పాత మోతాదు మాత్రలే మింగుతూ జనవరికి చేరింది. ఒక రోగి ఇలా చేసి ఉంటే వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి కడిగేసేది.

బయట మంచు గోడ కట్టినట్టుంది. కాలనీ సందులో ఈ-రిక్షావాడు మఫ్లరుతో ముక్కుదాకా చుట్టుకుని ఉన్నాడు. మార్తకు మాత్రం వీపు మీద చెమట. అయినా ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలం స్వెటర్ తొడుక్కుంది. ఫరీదాబాద్‌లో జనవరి నెలలో స్వెటర్ లేకుండా తిరిగే ఆడమనిషిని చూస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారు. మెడలో ఉబ్బు కనపడకుండా స్కార్ఫు, చేతుల వణుకు కనపడకుండా ఎప్పుడూ ఏదో ఒక వస్తువు. ఉంగరం జారిపోకుండా దారం చుట్టుకుంది. నాలుగు రొట్టెలు తిన్నా మనిషి పుల్లలా తయారవుతోంది. తోటి నర్సులు "డైటింగా దీదీ?" అంటే నవ్వేస్తుంది.

నర్సాపురం దగ్గర పల్లెలో పుట్టి, అక్కడే నర్సింగు చదివి, తనలాంటి ఇంకొందరు పిల్లలతో కలిసి రైలెక్కి వచ్చింది. రెండేళ్లు చేసి వెళ్లిపోదామనుకుంది. మందిరంలో డోలక్ వాయించే పౌలురాజు కనపడ్డాడు. అతను ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ షాపులో పనిచేసేవాడు. మిషను అతని కుడిచేతి రెండు వేళ్లు తీసుకుంది, ఆ తరువాత ఆ ఫ్యాక్టరీయే మూతబడింది. ఇప్పుడు మందిరం తాళాలు అతని దగ్గరుంటాయి. గ్రేటర్ నోయిడా హాస్టల్లో ఉండి కెరెన్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది, అయినా గొంతులో ప్రేమ తెలుస్తుంది. ఇదీ మార్త సంపాదన. చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు, దాచుకోవడానికి మాత్రం ఈ మధ్యనే ఒకటి వచ్చి చేరింది.

ఆసుపత్రిలో ఆమె బల్ల ఓపీడీ తలుపు పక్కనే ఉంటుంది. డాక్టరు గదిలోకి వెళ్లే ప్రతి మనిషీ ముందు ఆమెకు చెయ్యి ఇవ్వాలి. ఢిల్లీ చలికాలంలో బీపీ చూడటమంటే ఉల్లిపాయ ఒలిచినట్టే. శాలువా, కోటు, స్వెటర్, దాని కింద ఇంకో స్వెటర్. మిగతావాళ్లు పైనే పట్టీ చుట్టేస్తారు, లేదంటే మనిషి మొహం చూసి అంకె రాసేస్తారు. మార్త అన్నీ విప్పిస్తుంది. అందుకే రోగులు ఆమెకు స్వెటర్ దీదీ అని పేరు పెట్టారు. నాడి కూడా అంతే. అందరూ పావునిమిషం చూసి నాలుగుతో గుణిస్తారు, ఈమె మాత్రం గుండెల మీద పిన్నుతో తగిలించుకున్న గడియారం వైపు చూస్తూ పూర్తి నిమిషం చెయ్యి వదలదు. ఆ నిమిషంలో కొందరు కష్టాలు మొదలుపెడతారు. "చుప్ బైఠియే, బాత్ మత్ కీజియే" అని కసురుతుంది. మాట్లాడితే బీపీ పెరుగుతుంది మరి.

ఈ పద్ధతి నేర్చుకున్న ఒకే ఒక్క పిల్ల ప్రవల్లిక. వరంగల్ అమ్మాయి. కిందటేడు ఉద్యోగంలో చేరినప్పుడు, ఒక ముసలామె చెయ్యి ముట్టకుండానే కాగితం నింపేసింది. మార్త ఆ కాగితం చింపి, ప్రవల్లికను ముసలామె పక్కన కూర్చోబెట్టి, రెండు చేతులూ కలిపి పట్టించింది. "చూడకుండా రాసేవంటే ఆ మనిషి లేదని రాసినట్టేనే" అంది. ఆ పిల్ల ఏడ్చింది. ఆ తరువాత మరెప్పుడూ అలా రాయలేదు. మార్తకు మనసులో గర్వంగా ఉండేది. పాపమని తెలిసినా ఆ ఒక్క గర్వాన్నీ ఆమె ఒప్పుకోలు ప్రార్థనలో చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఉద్యోగుల ఆరోగ్య తనిఖీ. కొత్త యాజమాన్యం వచ్చాక యాభై దాటినవాళ్లు ఒంట్లో బాగున్నట్టు కాగితం ఇస్తేనే మళ్లీ ఏడాది ఉద్యోగం. కిందటిసారి ఆయా రాజేశ్వరమ్మకు షుగర్ ఎక్కువుందని ఇంటికి పంపేశారు. పోయేముందు ఆమె బకెట్లన్నీ కడిగి బోర్లించి వెళ్లింది. ఆ బోర్లించిన బకెట్లను మార్త ఇప్పటికీ మరిచిపోలేదు.

తనిఖీ గదిలో బల్ల వెనక ప్రవల్లిక కూర్చుంది.

"రా అక్కా. స్వెటర్ తియ్యి, చెయ్యి ఇయ్యి" అని నవ్వుతూ పట్టీ విప్పింది.

మార్త కూర్చోలేదు. తలుపు దగ్గరగా వేసింది.

"రాసెయ్యవే తల్లీ."

"ఏం రాయాలె?"

"నూట ఇరవై, ఎనభై. నాడి డెబ్భై ఎనిమిది."

ప్రవల్లిక మొదట పరాచికమనుకుంది. అక్క మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. బల్ల మీదుగా చెయ్యి చాచి మార్త మణికట్టు అందుకోబోయింది. మార్త చెయ్యి వెనక్కి లాక్కుంది. ముప్పై ఏళ్లలో ఎంతోమంది రోగులు భయంతో అలా చెయ్యి లాక్కోవడం ఆమె చూసింది, తను లాక్కోవడం ఇదే మొదలు.

"నువ్వే చెప్తివి గదక్కా, చూడకుంట రాయొద్దని. గట్లెట్ల రాస్తా?"

"ఈ ఒక్కసారికే. పిల్ల చదువు అయిపోవస్తోంది. జూన్ దాకా నెట్టుకొస్తే చాలు. ఆ తర్వాత నేనే వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటాను. నీ మీద ఒట్టు."

ఒట్టు పెట్టకూడదని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే మనిషి ఒట్టు పెట్టింది. ప్రవల్లిక తల వంచుకుంది. పెన్ను కాసేపు కాగితం మీద అలాగే ఉంది. తరువాత రాసింది. సంతకం చేసి, మార్త వైపు చూడకుండానే కాగితం పళ్లెంలో వేసింది.

"థాంక్సే" అంది మార్త. ఆ మాట తన నోటికే చేదుగా తగిలింది. ఆ పిల్ల కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు, తరువాతి మనిషిని పిలిచింది.

మూడు దాటాక ఓపీడీలో రద్దీ పెరిగింది. ప్రవల్లికను కూడా పక్కబల్లకు పంపారు. మార్త ఒకామె చేతికి పట్టీ చుడుతూ అటు చూసింది. ప్రవల్లిక ఎదుట ఒక ముసలాయన, ఒంటి మీద ఎన్ని బట్టలున్నాయో దేవుడికే తెలియాలి. బొత్తాలు ఊడదీయడానికి వేళ్లు వంగక అవస్థ పడుతున్నాడు. వెనక వరుసలో జనం గోల చేస్తున్నారు. ప్రవల్లిక ఒక్క క్షణం ఆయన్ని చూసింది. "రహ్‌నే దీజియే బాబా" అంది, విప్పొద్దులే ఉండనీ అన్నట్టు. అని, కాగితం మీద గబగబా రాసి ఇచ్చేసింది.

ఆమె ఏం రాసిందో మార్తకు కనపడలేదు. కనపడక్కర్లేదు కూడా.

ఎప్పటి మార్త అయితే ఆ కాగితం అక్కడే చిరిగేది. ఇప్పుడు లేవబోయి ఆగిపోయింది. ఏ నోటితో అంటుంది? పొద్దున్న పూట ఎంత పెద్ద చీవాటైనా పెట్టగలిగిన నోరే అది. మధ్యాహ్నానికి ఆ హక్కు పోయింది. ఆ పిల్ల చెడిపోలేదనీ, తనే చెడగొట్టిందనీ మార్తకు తెలుసు. ముప్పై ఏళ్లలో ఈ బల్ల దగ్గర తను వదిలి వెళ్లగలిగింది ఆ ఒక్క పిల్ల చేతి పద్ధతే. దాన్ని కూడా జూన్ దాకా జీతం కోసం అమ్ముకున్నట్టయింది. 

ముసలాయన డాక్టరు గదిలోకి వెళ్లి, మందుల చీటీతో బయటికి వచ్చి, గేటు వైపు నడిచాడు. మార్త చేతిలో ఉన్న రోగికి పూర్తి నిమిషం ముగించింది. తన బల్ల దగ్గర ఇంకో నర్సును కూర్చోమని, తను లేచింది. బయట మధ్యాహ్నానికే పొద్దు వాలిపోయినట్టు మసకగా ఉంది. ముసలాయన గేటు దాటి ఆటోల దగ్గరకు చేరాడు. మార్త పరుగెత్తింది. ఆమె పరుగెత్తి ఎన్నేళ్లయిందో. గుండె గొంతులోకి వచ్చి అక్కడే కొట్టుకోసాగింది.

"బాబా! రుకియే!"

"అరే దీదీ, అభీ తో హో గయా!" అన్నాడు ముసలాయన, అన్నీ అయిపోయాక మళ్లీ ఇదేమిటన్నట్టు.

బతిమాలి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. బల్ల దగ్గర కూర్చోబెట్టి, వంగని ఆ వేళ్లను పక్కకు తప్పించి, బొత్తాలన్నీ తనే ఊడదీసింది. శాలువా, కోటు, రెండు స్వెటర్లు. ఆయన సణుగుతూనే ఉన్నాడు. పట్టీ చుట్టింది. చెవుల్లో తన గుండె హోరులోంచి ఆయన చప్పుడు వెతుక్కోవలసి వచ్చింది. నూట ముప్పై, ఎనభై నాలుగు. నాడి డెబ్భై ఆరు. ప్రవల్లిక రాసిన కాగితంలో నూట ముప్పై, ఎనభై, డెబ్భై ఎనిమిది అని ఉంది.

ఏమీ లేదు. ముసలాయన రాయిలా ఉన్నాడు. చూడకుండా రాసిందే దాదాపు నిజమైంది.

మార్తకు ఇదేం ఊరటనివ్వలేదు. ఆ పిల్లకు ఇంకో పాఠం కూడా దొరికిందన్నమాట: చూడకపోయినా ఏమీ కాదని. తన చేతుల్తో తనే రెండుసార్లు నేర్పినట్టయింది. పక్కబల్ల దగ్గర నుంచి ప్రవల్లిక అంతా చూసింది. చూసి మొహం తిప్పుకుంది. ముసలాయన తన బట్టలన్నీ ఒక్కొక్కటే తొడుక్కుని, ఆటో పోయిందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నాలుగింటికి ఓపీడీ మూసేశారు. తనిఖీ కాగితాలు సాయంత్రం ఆఫీసు మూసేలోగా పైకి వెళతాయి. మార్త కాంటీను వైపు నడిచింది. రెండడుగులకొకసారి గోడ పట్టుకుంది. కళ్ల ముందు చిన్న చిన్న చుక్కలు తేలుతున్నాయి. ఆమె నర్సు, ఆ చుక్కలంటే ఏమిటో తెలుసు. మెట్లెక్కితే అత్యవసర విభాగం, అక్కడ మంచం ఉంది, డాక్టరు ఉన్నాడు. వెళ్లి పడుకోవచ్చు. కానీ అక్కడెవరో కొత్తవాళ్లు చూసి రాస్తారు. ముందు ప్రవల్లిక చూడాలి, ప్రవల్లికే రాయాలి అనుకుంది. ఒక్క పది నిమిషాల తేడాయే కదా అనుకుంది. ప్రాణం మీదికి తెచ్చుకునే వాళ్లందరూ అనుకునే మాటే అది.

కాంటీనులో రెండు టీలు తీసుకుని తనిఖీ గదికి వచ్చింది. ప్రవల్లికకు ఫోను చేసింది.

"ఎక్కడున్నావే?"

"పైన వార్డుల ఉన్నక్కా. ఒక డ్రిప్ పెట్టాలె." గొంతు ముక్తసరిగా ఉంది.

"అది పెట్టేసి కిందికి రా. నా చెయ్యి చూడు. పూర్తి నిమిషం చూడు. ఎంతొస్తే అంత రాయి. మధ్యాహ్నం రాసిన కాగితం ఇంకా పళ్లెంలోనే ఉంది, చింపేద్దాం."

అవతల ట్రే బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మరి నీ నౌకరీ అక్కా?"

"పోతే పోయింది. ఇంట్లో మా ఆయనకి కూడా చెప్పేస్తాను. రోజూ ఆయనకి అబద్ధం చెప్పి చెప్పి విసుగొచ్చేసిందే." కాస్త ఊపిరి తీసుకుంది. "ఆ ముసలాయన్ని నువ్వు చూడకపోవడం నీ తప్పు కాదమ్మా. నాది. నన్ను మాత్రం సరిగ్గా చూడు."

"వస్తున్నక్కా. అయిదు నిమిషాలు." ఈసారి ఆ పిల్ల గొంతు మారింది.

మార్త స్వెటర్ విప్పి కుర్చీ వీపుకు వేసింది. చల్లగాలి తగిలి హాయిగా అనిపించింది. జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, పట్టీ దగ్గరకు లాక్కుని, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టుకుంది. అరచెయ్యి పైకి. రోగుల్ని ఎలా కూర్చోమంటుందో అలాగే కూర్చుంది, పాదాలు నేల మీద ఆనించి, వీపు ఆనించి, నోరు మూసుకుని. ఇంతకాలం ఎదుటి కుర్చీలో కూర్చునేది. ఇటు కూర్చుంటే గది వేరేగా కనపడింది. కళ్లు మూసుకుంది.

డ్రిప్ పెట్టవలసిన మనిషికి నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చవలసి వచ్చింది. ప్రవల్లిక లిఫ్టు కోసం చూడకుండా మెట్ల మీదుగా దిగింది. గదిలోకి వస్తూనే "సారీ అక్కా, లేటయింది" అంది. నిద్రపట్టిందనుకుని మెల్లగా ఎదుటి కుర్చీలో కూర్చుని, బల్ల మీద సిద్ధంగా ఉన్న ఆ చెయ్యి అందుకుంది. మూడువేళ్లు ఆనించింది. వేళ్లు జరిపి ఇంకో చోట ఆనించింది. మళ్లీ జరిపింది.

తరువాత ఆమె కేకకు అందరూ వచ్చారు. డ్యూటీ డాక్టరు వచ్చాడు, మార్తను నేల మీద పడుకోబెట్టారు, చేయవలసిందంతా చేశారు, చాలాసేపు చేశారు. మార్తక్క లేవలేదు.

పౌలురాజు వచ్చేసరికి ఆమెను పైకి మార్చి దుప్పటి కప్పారు. అతను మందిరం తాళాల గుత్తి చేతిలో పట్టుకునే వచ్చాడు. డాక్టరు కుర్రాడు మెల్లగా అడిగాడు, ఇంతకు ముందు గుండెదడ ఏమైనా ఉండేదా అని.

"లేదండి. రోజూ చూసుకునేది. పొద్దున కూడా డెబ్భై ఎనిమిదేనండి. తనే చెప్పింది." ఫోనులో కెరెన్ ఏడుస్తూ అదే అడిగింది, "పాపా, మమ్మీ కీ పల్స్ కిత్నీ థీ?" అని. కూతురికి కూడా ఆ అంకె చెప్పాడు. "డెబ్భై ఎనిమిదమ్మా. బాగానే ఉందమ్మా." రెండు వేళ్లు లేని చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ ప్రవల్లిక ముందుకు వచ్చింది. అందరి ఎదుట పౌలురాజు కాళ్ల దగ్గర కూలబడింది.

"చూడలే బాబాయ్. నేను అక్కను చూడలే. చూడకుంటనే రాసిన. అక్క చూడమని పిలిస్తే, నాకే లేటయింది."

పౌలురాజుకు ఆ మాటలు అర్థమయ్యాయో లేదో. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఊరుకోమ్మా, ఊరుకో" అంటూ ఉండిపోయాడు. ప్రవల్లిక మాత్రం ఊరుకోలేదు. లేచి డాక్టరు దగ్గరకు వెళ్లి, తనిఖీ కాగితం గురించి మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఆ కాగితం అప్పటికే పైకి వెళ్లిపోయింది. సాయంత్రం పళ్లెంలోవన్నీ ఎవరో వచ్చి పట్టుకుపోయారట. మార్త ఆరోగ్యంగా ఉందనీ, ఇంకో ఏడాది పనికి వస్తుందనీ ఆఫీసు వాళ్లు ముద్ర వేశారు.

చీకటిపడేవేళ కొత్త ఆయా తనిఖీ గది ఊడవడానికి వచ్చింది. కుర్చీలు సర్దింది, నేల మీద పడిన దూది ఏరింది. బల్ల మీద పక్కపక్కన రెండు కాగితం కప్పులున్నాయి, రెండూ నిండుగానే ఉన్నాయి. ఎదుటి కుర్చీ వైపు జరిపిపెట్టిన కప్పు మీద, టీ చల్లారకుండా నాలుగు మడతలు పెట్టిన గాజుగుడ్డ కప్పి ఉంది.